పోత ఇనుముకు నూనె

గాజులు తియ్యాలా వద్దా అన్న దగ్గరే బోలెడు పొద్దు పోయింది. తీస్తే మాత్రం ఏం మునిగిపోతుంది, మట్టిగాజులు, పని అయ్యాక మళ్ళీ తొడుక్కోవచ్చు, అని ఒక మనసు అంటుంది. ఆయన అక్కడ హాల్లో పేము కుర్చీలో నిక్షేపంలా కూర్చుని ఉండగా, నిక్షేపంలా అంటే మరీ నిక్షేపంలా కాదులే, కుడిచెయ్యి ఒళ్ళో పడేసుకుని, అయినా కూర్చుని ఉండగా, చేతులారా గాజులు తీసి గూట్లో పెట్టడమా, అపచారం అపచారం, అని ఇంకో మనసు అంటుంది. తియ్యకపోతేనో, ఆ లేతు చక్, ఇనుముని బిగించి తిప్పే బిళ్ళ, గిర్రున తిరిగేటప్పుడు ఒక్క గాజు తగిలిందంటే చెయ్యి చెయ్యిలా ఉండదు. ఆ ముక్క ఆయనే చెప్పాడు, ఒకసారి కాదు వందసార్లు, తను టీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డప్పుడల్లా, "అక్కడే ఆగు, ఆ గాజులూ ఆ కొంగూ వేసుకుని లోపలికొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని. చివరికి రత్నమాల గాజులన్నీ మోచేతి దాకా పైకి తోసి, పాత చీర చింపిన పేలికతో గట్టిగా కట్టేసింది. కొంగు నడుముకి చుట్టి దోపింది. ఆ పైన ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, జడ చొక్కా లోపలికి తోసేసి, కళ్ళజోడు సర్దుకుంది. అద్దం లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే తనని చూసి తనే నవ్వుకునేది. యాభై దాటిన మనిషి, తణుకులో పుట్టి పెరిగిన మనిషి, చందానగర్లో ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఖాకీ చొక్కా వేసుకుని లేతు మిషను ముందు నిలబడింది.

"పన్నెండు లోపల బండి తెస్తనమ్మా, ఫికర్ జెయ్యకు" అని పెంటయ్య నిన్ననే చెప్పి వెళ్ళాడు. పెంటయ్య పాత మిషన్లు కొనేవాడు. మూతపడ్డ చిన్న చిన్న వర్క్‌షాపుల సామానంతా అతని ట్రాలీ ఆటో ఎక్కే ఊళ్ళోంచి వెళ్ళిపోతూ ఉంటుంది. అసలు ఈ ఆలోచన కూతురు ఉదయశ్రీది. మాదాపూర్లో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులో కంప్యూటర్ ఉద్యోగం దానికి. "అమ్మా, ఆ షెడ్డు తీసేసి ఒక గది వేస్తే, మా ఆఫీసు పిల్లలే కిరాయికి వస్తారు, గదులు దొరక్క అల్లాడుతున్నారు, నాన్నకి ఎలాగూ ఇక..." అని ఆ మాట అక్కడే మింగేసింది. నాన్నకి ఎలాగూ ఇక లేతుతో పనేం ఉంటుంది అని. తప్పేం లేదు, పిల్ల నిజమే చెప్పింది. రత్నమాల వెళ్ళి ఆయన్నే అడిగింది, "ఏమండీ, లేతు అమ్మెయ్యమంటారా?" అని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, కొంచెం ముద్దముద్దగా, ఎంతో మర్యాదగా, "అలాగే" అన్నాడు. ఆ అలాగేతోనే వచ్చింది చిక్కంతా. కాఫీ తాగుతారా, అలాగే. పడుకుంటారా, అలాగే. కిటికీ వేసెయ్యనా, అలాగే. లేతు అమ్మేద్దామా, అదీ అలాగేనా! కన్నకూతురితో సమానంగా చూసుకున్న మిషను! అది ఒప్పుకోవడమో, మనసు చచ్చిపోవడమో ఆవిడకి అంతుపట్టలేదు. రాత్రంతా ఆలోచించి తెల్లారేసరికి ఒకటి తేల్చుకుంది. తన కుట్టుమిషను కోసం ఆయన పోయించి సగంలో వదిలేసిన చక్రాన్ని తను పూర్తి చేస్తుంది, చేసి ఆయన ఒళ్ళో పెట్టి, ఇప్పుడు చెప్పండి, అమ్మనా వద్దా, అని అడుగుతుంది. పెంటయ్య వచ్చేలోపు ఆయన నోట అలాగే కాని మాట ఇంకొకటి రావాలి. వద్దు అంటే సంతోషం. తిడితే ఇంకా సంతోషం. ఏమీ రాకపోతే లేతు పోతుంది, దాంతోపాటు ఆయనలో మిగిలిందేదో అదీ పోతుంది, ఇక తను బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఒక మర్యాదస్థుడికి కాఫీలు అందిస్తూ బతకాలి. ఆ భయం ఆవిడ ఎవరితోనూ అనలేదు.

స్విచ్చి నొక్కింది. లేతు గుర్రుమని కదిలింది. చక్ తిరిగింది, చక్‌లో బిగించిన చక్రం తిరిగింది. నల్లగా, గరుగ్గా, అక్కడక్కడా ఇసుక రేణువులు అంటుకుని, అష్టవంకర్లుగా తిరిగింది. మొన్నోసారి ఆయన్ని ఉదయశ్రీ దవాఖానాకి ఎక్సర్‌సైజులకి తీసుకెళ్ళినప్పుడు తను దొంగచాటుగా ఒక మామూలు ఇనప కడ్డీ బిగించి చూసింది. నూనె చుక్కలు వేస్తూ కోసే టూల్ ఆనిస్తే, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు మెరిసే ఇనుము చుట్టలు చుట్టలుగా ఊడిపడింది. ఎంత గర్వపడిందో. ఇంత తేలికా, దీనికేనా ఇన్నేళ్ళు నన్ను గుమ్మంలో నిలబెట్టారు, అనుకుంది. ఇది మాత్రం ఆ ఇనుము కాదు, పోత ఇనుము. అయితే ఏం, ఇనుము ఇనుమే కదా. టూల్‌ని లోపలికి నెట్టే చిన్న పిడిని మెల్లిగా, గర్భగుడిలో దీపం వత్తి ఎగదోసినంత మెల్లిగా తిప్పింది. టిక్కు. టిక్కు. టిక్కు. చక్రం వంకరగా ఉంది కదా, ఎత్తుగా ఉన్న ఒక్క చోటే వచ్చి తగిలిపోతోంది. ఇనప రజను చిటికెడు ఎగిరి చేతివేళ్ళ మీద పడింది. నలుపు. అబ్బ, ఈ నలుపు.

ఈ నలుపుతోనే కదా కాపురం మొదలైంది. బాలానగర్లో రెండు గదుల వాటా, గోడ అవతల ఇంటివాళ్ళ గేదె, పెళ్ళయి కొత్త, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరని నాన్న చెప్పాడు, సూపర్‌వైజరంటే కుర్చీలో కూర్చుని సంతకాలు పెడతాడనుకుంది. సాయంత్రం సైకిలు దిగిన మనిషి గోళ్ళ నిండా మసి, చెవి వెనక మసి, ముక్కులో కూడా మసే. ఎంత కడిగినా పోదు. పళ్ళెంలో పప్పన్నం కలుపుతుంటే ఆ గోళ్ళ వంకే చూస్తూ, మోసపోయామేమో, ఈయన బొగ్గు కొట్లో పని చేస్తున్నాడేమో, నాన్నకి ఉత్తరం రాయాలా, అనుకుంటూ కూర్చుంది. ఆయన కనిపెట్టేశాడు. "ఏమే, ఏమిటా చూపు? ఇది మసి కాదే తల్లీ, పోత ఇనుము పొడి. పెన్సిల్లో ఉంటుందే, ఆ నలుపే ఇందులోనూ ఉంటుంది. ఏదీ చెయ్యి చాపు" అని, ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడం బొటనవేలితో తన అరచేతిలో 'ర' అని రాశాడు. నిజంగానే పెన్సిలుతో రాసినట్టే పడింది. ఆ రాత్రి చెయ్యి కడుక్కోకుండా పడుకుంది, తెల్లారేసరికి ఆ 'ర' కాస్తా తలగడ గలీబుకి అంటుకుంది. తరవాత ఎన్ని గలీబులు ఉతికిందో, ఎన్ని చొక్కాల మీద తుప్పు మరకలు నిమ్మకాయతో రుద్దిందో, ఎంత విసుక్కుందో, అయినా ఆ మొదటి గలీబు ఒక్కటీ చాలాకాలం ఉతకలేదు. ఎవరికి చెప్పుకుంటుంది ఇలాంటివి. ఉదయశ్రీకి చెబితే, అమ్మా, నువ్వు భలే రొమాంటిక్, అంటుంది, అని తన కంప్యూటర్ వైపు తిరుగుతుంది.

టిక్కు టిక్కు పోయి కీచుమనడం మొదలుపెట్టింది. కీ...చు. పళ్ళు జివ్వుమనే చప్పుడు. చక్రం అంచు మీద పొడి రాలడం మానేసి సన్నని గీత ఒకటి నిగనిగలాడుతోంది, ఇనుము తెగట్లేదు, టూల్ రుద్దుకుంటోంది అంతే. ఎక్కువ లోతు వేశానేమో అనుకుని రత్నమాల పిడిని వెనక్కి తిప్పి ఇంకా పలచగా వేసింది, తలవెంట్రుక మందం కూడా లేకుండా, ఎందుకంటే చక్రం పాడైతే ఇంకోటి లేదు. దీని కోసం ఆయన కర్రతో నమూనా చెక్కాడు, వరండాలో కూర్చుని ఆదివారాలన్నీ, ఉలితో కొంచెం కొంచెం తీస్తూ, తుమ్మ చెక్క పనికిరాదు, టేకు కావాలి అని ఇంట్లో ఉన్న మంచి పీటకే ఎసరు పెట్టి. తన కుట్టుమిషను చేతిచక్రం పగిలిపోయింది, అదీ కథ. పుట్టింటి వాళ్ళిచ్చిన కుట్టుమిషను, ఉదయశ్రీ గౌన్లన్నీ దాని మీదే కుట్టింది. బజార్లో కొత్త చక్రం దొరుకుతుందండీ అంటే ఆయనకి పౌరుషం ముంచుకొచ్చింది. "ఇంట్లో లేతు పెట్టుకుని బజార్లో కొంటానా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు. నవ్వే నలుగురూ ఎవరో తనకి ఇప్పటికీ తెలీదు. నమూనా చెక్కి, తెలిసిన పోతపని వాళ్ళ దగ్గర ఇసుక అచ్చులో పోయించి, ఈ నల్లటి చక్రాన్ని గుడ్డలో చుట్టి స్కూటరు డిక్కీలో పెట్టుకుని పసిపిల్లలా తెచ్చాడు. రేపు చేస్తా, ఎల్లుండి చేస్తా. తను సతాయించింది. "మీ రేపు ఎప్పుడొస్తుందో గానీ నా జాకెట్లు చిరిగిపోతున్నాయి" అని. సతాయించిన వారంలోనే పక్షవాతం వచ్చి బాత్రూములో పడిపోయాడు.

ఢాం. మాదాపూర్ వైపు నుంచి రాళ్ళు పేలుస్తున్నారు. రేకులు అదిరాయి. ఇదివరకైతే ఈ ఢాం వినగానే షెడ్డులోంచి తిట్ల దండకం వినపడేది. "ఒళ్ళు కొవ్వెక్కిన వెధవలు, ఇక్కడ మనిషి మిల్లీమీటర్లు చూసుకుంటుంటే భూమ్మీద బాంబులేస్తున్నారు!" అక్కడ బాంబులేసేవాళ్ళకి ఇది ఎలా వినపడుతుందండీ, అని తను వంటింట్లోంచి. "వినపడాలి! వినపడేలా నువ్వూ అరిచి చెప్పు!" అని ఆయన. ఆ రాళ్ళలోకే కదా ఒకప్పుడు స్కూటరు మీద వెళ్ళారు, ముందు ఉదయశ్రీ నిలబడి, వెనక తను పులిహోర డబ్బా పట్టుకుని, దుర్గం చెరువు దగ్గరికి. మనిషి అలికిడి లేదు, ఏనుగులంత బండలు, ఒక దాని నీడలో గుడ్డ పరిచి తిన్నారు, ఆయన బండని చేత్తో తట్టి, "దీని మీద లేతు పెడితే చూడవే, వందేళ్ళయినా వెంట్రుకవాసి కదలదు" అన్నాడు. ఆయనకి ఎక్కడికెళ్ళినా అదే యావ. ఇప్పుడా బండ ఏ బిల్డింగు కింద కంకరైపోయిందో. ఉదయశ్రీ ఉద్యోగంలో చేరాక ఆ అద్దాల బిల్డింగు చూపిస్తానని తీసుకెళితే, అందరూ తలెత్తి అద్దాలు చూస్తుంటే, ఈయన మెట్ల దగ్గర కూర్చుని రెయిలింగు అతుకులు తడిమి, "ఎవడే ఈ వెల్డింగు చేసింది, వాడి చేతులు పడిపోనూ" అని అందరి ముందూ తిట్టాడు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. తనూ సిగ్గుపడింది. నోర్మూసుకోండి, కాస్త నెమ్మది, అని మోచేత్తో పొడిచింది. ఆ మనిషి నోరు మూయించాలని ఎన్ని మొక్కులు మొక్కిందో. ఏ దేవుడు విన్నాడో గానీ, విన్నాడు.

కీ...చు. కుట్టుమిషను నూనె డబ్బా గుర్తొచ్చింది. నూనె! అదీ సంగతి, నూనె లేకపోతే కీచుమనదూ మరి? మొన్న కడ్డీకి నూనె వేస్తేనే కదా అంత ముచ్చటగా తెగింది. రత్నమాల పరుగున లోపలికెళ్ళింది, హాల్లోకి తొంగి చూసింది. ఆయన అలాగే ఉన్నాడు, కిటికీ వంక చూస్తూ. ఈ కీచుడు వినపడుతోంది, వినపడకుండా ఎలా ఉంటుంది, పక్కింటివాళ్ళకే వినపడుతోంది. మొహంలో ఏమీ లేదు. ఏమండీ, లేతు మీద పనిచేస్తున్నాను, అంది నిలబడి. ఆయన మెల్లిగా తలతిప్పి, ఖాకీ చొక్కా వంక చూసి, తల ఊపాడు. "అలాగే" అన్నాడు. నూనె డబ్బా చేతిలో పట్టుకుని ఆవిడ మళ్ళీ షెడ్డులోకి వచ్చేసింది. కళ్ళజోడు లోపల కళ్ళు మండుతున్నాయి, రజను పడిందని సరిపెట్టుకుంది.

ఆస్పత్రిలో మొదలైంది ఈ మర్యాద. వార్డుబోయ్ పక్క మారిస్తే "థాంక్సండి". నర్సు సూది గుచ్చితే "థాంక్సండి". డాక్టరు, మాట వస్తోంది, అదృష్టవంతులమ్మా, అన్నాడు, నిజమే, మాట వచ్చింది, ఆయనే రాలేదు. ఇంటికొచ్చాక మొదటిరోజు తను హడావుడిలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది పప్పులో. గిన్నె దగ్గర పెట్టాక గుర్తొచ్చి, ప్రాణం బిక్కుబిక్కుమంటూ నిలబడింది, ఇదివరకైతే పప్పు గిన్నె గోడకి వెళ్ళేది కాదు గానీ దాని మీద ఉపన్యాసం మాత్రం భోజనం అయ్యేదాకా నడిచేది. ఆయన ఎడం చేత్తో చెంచాతో మొత్తం తిన్నాడు, ఉప్పు లేని పప్పు, తిని, బాగుంది రత్నమాలా, అన్నాడు. రత్నమాలా! ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఒసేయ్, ఏమే, ఎక్కడ చచ్చావే, ఇవే తన పేర్లు. పేరు పెట్టి పిలిస్తే ఎవరో పరాయి మగాడు పిలిచినట్టయింది. ఆ రాత్రి వంటింట్లో కూర్చుని ఏడ్చింది. గిన్నెలు తోమే పోచమ్మ మాత్రం పొద్దున్నే బుగ్గలు నొక్కుకుంది, "సారు గిప్పుడు దేవుని లెక్క అయిండమ్మా, ఒక్క మాట అంటలేడు, నీ అదృష్టం" అని. దేవుడెవడికి కావాలే పోచమ్మా, అనబోయి, ఆపుకుంది. దేవుడైతే గూట్లో ఉన్నాడు, పూలు పెడితే చాలు. తనకి కావలసింది మంచినీళ్ళ గ్లాసు కింద తడి మరక ఉన్నా ఇల్లు ఎగరగొట్టే ఆ మనిషి.

నూనె పోసింది. ధారాళంగా పోసింది. కీచుమనడం తగ్గి, కుర్రుమని ఏదో చప్పుడు, రాలిన నల్లపొడి నూనెలో కలిసి కాటుక ముద్దలా అయి, టూల్ జరిగే లేతు పట్టాల మీదికి జారింది. చక్రం మాత్రం చెక్కు చెదరలేదు. అదే నిగనిగ. ఇంకొంచెం పలచగా వేసింది, ఇంకొంచెం నూనె పోసింది. ఏం లాభం, ఆపి చూస్తే టూల్ మొన అరిగి గుండ్రంగా అయిపోయింది, బియ్యప్పిండి ముగ్గుకి వాడిన చూపుడువేలు కొసలా. అయిపోయిందీ పని. ఆయన డబ్బా వెతికి ఇంకో టూల్ తీసి బిగించింది. దాన్నీ ఇలాగే చంపుతాను కాబోలు. చెవులు రిక్కించి హాల్లోకి విన్నది. ఇంత గోల, ఇంత అడ్డమైన చప్పుడు, ఆయన చెవికి ములుకుల్లా తగలాల్సిన చప్పుడు. పేము కుర్చీ కిర్రుమనలేదు. దగ్గు కూడా లేదు. బయట రోడ్డు మీద ట్రాలీ ఆటో చప్పుడు వినపడి గుమ్మంలోంచి తొంగి చూసింది, అది ముందుకెళ్ళిపోయింది, ఇంకెవరిదో. అమ్మో, ఇంక ఎంతసేపు, పదకొండింటికి రోజూలాగే కరెంటు తీసేస్తాడు, పన్నెండులోపు పెంటయ్య.

అప్పుడొచ్చింది కోపం. ఎవరి మీదో తెలీదు, ఆయన మీదా, ఆ దేవుడి లాంటి మొహం మీదా, తెగని ఇనుము మీదా, నీకెందుకే లేతు అనని ఆ నోటి మీదా. ఇంతసేపూ ముట్టుకుంటే కందిపోతుందన్నట్టు చేశానే, ఏమైంది, ఒరిగిందేమిటి! పాడైతే అవనీ! ఎవరికి కావాలి చక్రం, ఎవరు కుడతారు జాకెట్లు, ఎవరి కోసం! స్విచ్చి నొక్కి, పళ్ళు బిగించి, చిన్న పిడిని ఒక్క విసురున లోపలికి తిప్పేసింది, టూల్ వెళ్ళి చక్రం ఒంట్లో దిగబడింది, లేతు మొత్తం ఒక్కసారి మూలిగింది, బెల్టు జారుతుందేమో అన్నట్టు మోటారు గొంతు బొంగురుపోయింది, తను వదల్లేదు, రెండు చేతులతో లేతు పెద్ద పిడిని పట్టుకుని టూల్‌ని పొడవునా నడిపింది. గరగరగరమంటూ పైనున్న నల్ల పెంకు పేలాలు చిట్లినట్టు చిట్లి రాలిపోయింది. రాలింది! పొడి, పిండిమరలో నుంచి వచ్చినంత పొడి, వేళ్ళ మీద, చొక్కా మీద, కళ్ళజోడు మీద, నోట్లో కూడా, ఆ వాసన, కాలిన మట్టిలానూ పెన్సిలు చెక్కినట్టూ ఉండే ఆ వాసన, సైకిలు దిగి లోపలికొస్తే గుమ్మం దగ్గరే తెలిసిపోయే ఆయన వాసన. పెంకు కింద తెల్లగా కాదు, నల్లగా కాదు, వాన వెలిసిన తెల్లవారుజామున ఆకాశం ఉండే రంగులో ఇనుము బయటపడింది. మెత్తగా తెగుతోంది. కీచు లేదు, టిక్కు లేదు, ఒకే ఒక్క నిండు గొంతు. అయ్యబాబోయ్, అంది రత్నమాల పైకే. ఇంకొంచెం, ఇంకొంచెం, ఈ చివర దాకా, ఆ నల్ల మచ్చ ఒక్కటీ పోతే చాలు, ఈ కాస్తా...

కరెంటు పోయింది. మోటారు నీరసంగా తిరిగి తిరిగి ఆగిపోయింది. అంచు సగం బూడిదరంగులో మెరుస్తూ, సగం నల్లగా అలాగే ఉండిపోయింది చక్రం. అంత చప్పుడు తరవాత ఎంత నిశ్శబ్దమో, పక్కింట్లో కుక్కర్ కూత కూడా వినపడింది. ఆ నిశ్శబ్దంలోంచే గేటు చప్పుడైంది.

"అమ్మా, ఏంది గిట్ల లొల్లి, రోడ్డు దాకా వినొస్తున్నది" అంటూ పెంటయ్య పెరట్లోకి వచ్చి, షెడ్డులో ఖాకీ చొక్కాలో నల్లటి మొహంతో ఉన్న ఆవిడని చూసి ఒక అడుగు వెనక్కేశాడు. "నువ్వా అమ్మా! నేనెవరో మేస్త్రీ అనుకున్న. ఇగ ఆపు, పోరగాండ్లు బండి కాడ ఉన్నరు, బోల్టులు ఇప్పుతం. సారు ఒప్పుకుండు గద?"

ఏం చెప్పాలి. ఒప్పుకున్నాడు, అలాగే అన్నాడు. రత్నమాల పక్కకి జరిగింది. పెంటయ్య రెంచి తీసుకుని లేతు మీద చెయ్యి వేశాడు.

"తియ్... చెయ్యి తియ్."

మాట ముద్దగా ఉంది గానీ గొంతు నిండుగా ఉంది. వంటింటి గుమ్మం పట్టుకుని ఆయనే, సోమేశ్వరరావు, నిలబడ్డాడు. హాల్లోంచి అక్కడి దాకా గోడ పట్టుకుని వచ్చినట్టున్నాడు, చెమటలు కారుతున్నాయి, పంచె ఒక పక్క జారింది, ఊపిరి ఎగశ్వాసగా ఉంది. మెట్టు ఒకటి దిగాలి. రత్నమాల పరిగెత్తబోతే కళ్ళతోనే ఆపి, ఎడం కాలు వేసి, కుడికాలు ఈడ్చుకుని దిగాడు. లేతు దగ్గరికొచ్చాడు. పట్టాల మీద పరుచుకున్న నల్లటి ముద్దని చూశాడు. చూపుడు వేలితో తీసి, బొటనవేలితో నలిపి చూసుకున్నాడు. మొహం ఎర్రబడింది, పెదవి ఒక పక్కకి వంకరపోయింది.

"ఒసేయ్!" అన్నాడు. "పోత ఇనుముకి... నూనె... ఎవరే పొయ్యమంది నిన్ను? బుద్ధుందా? ఆ పొడీ నూనే కలిస్తే... సాన పిండి అవుతుందే, నా పట్టాలు కొరుక్కు తినేస్తుందే! పోత ఇనుము పొడిగా కొయ్యాలే! ముప్ఫై ఏళ్ళు... గుమ్మంలో నిలబడి... ఏం చూశావే, దున్నపోతు చూసినట్టు?"

"సార్, జర నిమ్మలం" అన్నాడు పెంటయ్య కంగారుపడి.

"నువ్వు నోర్ముయ్! రెంచి కింద పెట్టు! ఆ బోల్టుకి ఆ రెంచి పెడతారురా ఎవరైనా? తలలు పాడైపోవూ? వెళ్ళు, వెళ్ళు, ఏమీ లేదు ఇక్కడ నీకు!"

పెంటయ్య ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. రత్నమాల చొక్కా చేతికి మొహం తుడుచుకుంటోంది, తుడిచే కొద్దీ నలుపు ఇంకా పరుచుకుంటోంది, భుజాలు అదురుతున్నాయి. "సారు గట్ల తిడుతుంటే నవ్వుతున్నవేందమ్మా? ఏం సమజైతలేదు నాకు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి గేటు బయట ఆటో స్టార్టయిన చప్పుడు వినపడింది.

ఆయన ఇంకా ఆపలేదు. మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటూ, ఉమ్మి తుడుచుకుంటూ, ఒకటొకటిగా తిట్టాడు. మొదటి టూల్‌ని చంపినందుకు తిట్టాడు. "ఇసుక అచ్చులో పోసిన దానికి పైన పెంకు ఉంటుందే, గట్టి పెంకు, భయపడి పైపైన గీకితే టూలే చస్తుంది, ఒక్క వేటుకి దాని కిందికి దిగిపోవాలి" అని తిట్టాడు. గాజులకి కట్టిన పేలిక వదులుగా ఉందని తిట్టాడు. తిడుతూ తిడుతూనే ఎడంచేతి బొటనవేలిని చక్రం మీద బూడిదరంగులో మెరుస్తున్న చోట ఆనించి, అంచు వెంబడి మెల్లిగా నడిపాడు. అక్కడ ఆగిపోయాడు. రత్నమాలకి భయం వేసింది, మళ్ళీ ఆ మాట అనేస్తాడేమో, బాగుంది రత్నమాలా అనేస్తాడేమో అని.

"ఇది మాత్రం సరిగ్గా పడింది" అన్నాడాయన అనుమానంగా. "ఎలా వేశావే ఈ వేటు?"

"కోపంతో" అంది రత్నమాల.

ఆయన ఆవిడ మొహం వంక చూశాడు. తరవాత గోడవారగా ఉన్న స్టూలు మీదికి ఒరిగి, కుడిచేతిని ఎడంచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అలసిపోయినట్టున్నాడు. "రెండింటికి గానీ రాదు కరెంటు. అందాకా నా మొహం చూస్తూ నిలబడతావా? వెళ్ళి అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అన్నాడు.

రత్నమాల కదల్లేదు. మొన అరిగిపోయిన మొదటి టూల్‌ని తీసి ఆయన ఎడంచేతిలో పెట్టింది.

"అన్నం తరవాత పెడతాను. ముందు దీన్ని ఎలా సానపట్టాలో చెప్పండి" అంది. "నిమ్మళంగా చెబితే నాకు ఎక్కదు. తిడుతూనే చెప్పండి."